చాంబర్ ప్యాకింగ్ ఇంట్లోనే మార్చుకోవచ్చా? (మారుతి 800, తిరుపతి)

కొర్లగుంట 800

అన్నలకు నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. బండి 2006 మోడల్ మారుతి 800, నాన్నది. మూడు నెలలుగా చాంబర్ (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టి) దగ్గర ఆయిల్ కారుతోంది. రాత్రి నిలిపి పొద్దున తీస్తే నేల మీద అరచేతంత మరక. అమ్మ ముగ్గు వేసే చోటే బండి పెట్టాలి, వేరే జాగా లేదు. రోజూ నాకు సుప్రభాతం ఆమె తిట్లే.

మొదట్లో నేనే కిందికి దూరి 10 నంబర్ స్పానర్‌తో బోల్టులన్నీ బలంగా బిగించాను. పది రోజులు ఆగింది. తర్వాత ముందుకన్నా ఎక్కువైంది. ఒక షెడ్డులో అడిగితే ఇంజను దించాలన్నారు. నిజమేనా? చాంబర్ అతుకులో వేసే కార్క్ ప్యాకింగ్ కొనిపెట్టాను. జాకీ, సాకెట్ సెట్టు ఉన్నాయి. వచ్చే శనివారం నాన్న కొండకు పోదామంటున్నారు. ఘాట్‌లో ఆయిల్ లైటు వెలిగితే ఏంటని టెన్షన్.

పాకాల పాతబండి

చాంబర్‌కు ఇంజను దించే పని లేదు. కానీ కారేది అక్కడేనా? టాపెట్ కవర్ (ఇంజను పైమూత) ప్యాకింగ్ పోయినా ఆయిల్ ఇంజను వెనక నుంచి జారి చాంబర్ అంచుకే చేరుతుంది, చుక్క అక్కడే పడుతుంది. నేను అలాగే ఒకసారి చాంబర్ ప్యాకింగ్ దండగకు మార్చాను. గేర్‌బాక్స్ అతుకు దగ్గర మాత్రమే తడి ఉంటే క్రాంక్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ కొసన ఆయిల్ ఆపే రబ్బరు రింగు) అనుకో, దానికి గేర్‌బాక్స్ దించాలి. షెడ్డాయన దాన్నే అనుమానించాడేమో.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు అంతా డీజిల్‌తో తుడిచి, బాగా ఆరనిచ్చి, ముఖానికి పూసుకునే పౌడరు చల్లు. కాసేపు తిప్పుకొచ్చి చూడు. కారే చోట గీత పడుతుంది.

కొర్లగుంట 800

పౌడరు చల్లి అలిపిరి దాకా పోయొచ్చాను. పైన అంతా పొడిగా ఉంది. చాంబర్ అంచులో రెండు బోల్టుల మధ్య తడిసింది.

చిత్తూరు కుర్రోడు

ప్యాకింగ్ ఎందుకు బ్రో, అనబాండ్ ట్యూబు (అతుకులు మూసే జిగురు) దట్టంగా పూసి బిగించెయ్. సింపుల్.

డిపో తాత

దట్టంగా మాత్రం పూయొద్దు నాయనా. బిగించినప్పుడు సగం లోపలికి ఉబుకుతుంది. ఆ ముక్కలు ఊడి స్ట్రైనర్‌కు (ఆయిల్ పంపు ముందుండే జాలీకి) అడ్డం పడితే పంపుకు ఆయిల్ అందదు. అప్పుడు ఇంజను నిజంగానే దించాల్సి వస్తుంది. నేను బస్సు డిపోలో 31 ఏళ్లు చేశాను, ఇది రెండుసార్లు చూశాను.

తమ్ముడూ, నీ ప్యాకింగ్ తప్పు సగమే. మిగతా సగం నీ స్పానర్‌ది. చాంబర్ పలచటి రేకు. అతిగా బిగిస్తే బోల్టు రంధ్రం చుట్టూ రేకు పైకి ఉబ్బుతుంది, రెండు బోల్టుల మధ్య సందు తెరుచుకుంటుంది. నీకు తడిసింది సరిగ్గా అక్కడే కదా! కొత్త ప్యాకింగ్ వేసినా ఆ రేకును సాపు చెయ్యకపోతే మళ్లీ ఇదే కథ.

జాకీ ఒక్కదాని మీద బండిని నమ్మి కిందికి పోవద్దు. ఇటుకలు, హాలోబ్లాకులు కూడా వద్దు, చెప్పకుండా పగులుతాయి. స్టాండ్లు అద్దెకైనా తెచ్చుకో, వెనక చక్రాలకు రాళ్లు పెట్టు. ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించెయ్. ఫ్లైవీల్ కింది రేకు అడ్డమొస్తే అది కూడా విప్పు. చాంబర్ అతుక్కుని ఉంటుంది, స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకు. రబ్బరు సుత్తితో పక్కల తట్టు.

దిగాక అంచును చదునైన ఇనుప దిమ్మె మీద పెట్టి, ఎత్తుగా ఉన్న చోట్ల చిన్న సుత్తితో మెల్లగా కొట్టు. స్కేలు పెట్టి వెలుతురు కనబడకుండా చూసుకో. ఈ పనికి గంట పట్టినా పట్టనీ. పాత ప్యాకింగ్ ప్లాస్టిక్ గరిటెతో గీకు, ఇంజను వైపు గీతలు పడకూడదు. థిన్నర్ గుడ్డతో తుడిచాక వేలు పెడితే జిడ్డు అంటకూడదు. అనబాండ్ మూలల్లో, అతుకులున్న చోట మాత్రమే, అగ్గిపుల్ల మందాన.

బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించు. మధ్య నుంచి మొదలుపెట్టి ఎదురెదురుగా, మూడు విడతలుగా బిగించు. ర్యాచెట్ కొస పట్టుకోకు, తల దగ్గర పట్టుకో. 10 న్యూటన్ మీటర్ల లోపే చాలు. కార్క్ కొంచెం నలిగి అంచుకు కనబడితే ఆపెయ్. ఒక రాత్రి వదిలేసి ఆయిల్ పొయ్యి.

కొర్లగుంట 800

తాతా, మీరు చెప్పినట్టే నాలుగు రంధ్రాల చుట్టూ రేకు ఉబ్బి ఉంది. చూసి సిగ్గేసింది. పక్కింటి వెల్డింగాయన దిమ్మె ఇచ్చాడు. స్ట్రైనర్‌లో నల్లటి గసి ఉంటే కడిగాను. 20డబ్ల్యూ-40 ఆయిల్ డిప్‌స్టిక్ చూసుకుంటూ పోశాను. శనివారం పొద్దున స్టార్ట్ చెయ్యగానే లైటు వెలిగి ఆరింది, ఊపిరి పీల్చుకున్నా.

కొండెక్కి, దర్శనమయ్యాక పాత ఘాట్‌లో దిగొచ్చాం. రాత్రి అట్టముక్క పరిచాను. చాంబర్ అంచు పొడిగానే ఉంది. డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ దించే బోల్టు) కింద మాత్రం ఒక్క చుక్క. వాషర్ పాతదే వేశాను.

డిపో తాత

రాగి వాషర్ కొత్తది వెయ్. ప్లగ్గును మాత్రం బలంగా బిగించొద్దు!