రాయడమూ నటించడమూ రెండూ చదవాలని ఉంది, ఏ విశ్వవిద్యాలయానికి వెళ్లాలి?

ప్రశ్న (డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థిని, తెనాలి)

అందరికీ నమస్కారం. నేను తెలుగు సాహిత్యం ప్రధానాంశంగా బీఏ చదువుతున్నాను. కాలేజీ వార్షికోత్సవానికి ఒక నాటిక రాసి అందులో నేనే తల్లి పాత్ర వేశాను. అప్పటి నుంచి నాటక రచన, నటన రెండూ పద్ధతిగా నేర్చుకోవాలని గట్టిగా ఉంది. మా నాన్నగారు బీఈడీ చేయమంటున్నారు. ఈ చదువు ఎక్కడ ఉందో, చదివాక బతుకుతెరువు ఏమిటో వివరంగా చెప్పగలిగితే వింటానన్నారు.

నా సందేహాలు ఇవి. రచనకు ఒక కోర్సు, నటనకు ఒక కోర్సు విడిగా చేయాలా? రెండూ కలిపి చదివే చోటు ఉందా? ప్రవేశ పరీక్షలో నటించి చూపమంటే ఏం సిద్ధం చేసుకోవాలి? ఇంగ్లండులో ఇలాంటి డిగ్రీలు ఉన్నాయని స్నేహితురాలు చెప్పింది. అది మాలాంటి వాళ్లకు సాధ్యమేనా?

జవాబు (రంగస్థల అధ్యాపకుడు, హైదరాబాద్)

ముందు మీ నాన్నగారికి నా తరఫున కృతజ్ఞతలు చెప్పండమ్మా. వివరం చెబితే వింటాననే తండ్రి దొరకడం ఈ రంగంలో మంచి ఆరంభం.

మన దగ్గర రంగస్థల కళలను విశ్వవిద్యాలయ స్థాయిలో చదవడానికి తెలుగువాళ్లకు అందుబాటులో ఉన్నవి ముఖ్యంగా మూడు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ కింద ఉన్న థియేటర్ ఆర్ట్స్ విభాగం, 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలోని రంగస్థల కళల శాఖ, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని రంగస్థల కళల శాఖ. తెలుగు విశ్వవిద్యాలయం ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరుతో ఉంది, వెతికేటప్పుడు పాత పేరూ కొత్త పేరూ రెండూ చూడండి. ఏ డిగ్రీ చదివినవాళ్లయినా రెండేళ్ల పీజీకి ప్రయత్నించవచ్చు. ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయం సంగతి వేరు. 1959లో మొదలైన ఆ సంస్థ మూడేళ్ల డిప్లొమా ఇస్తుంది, అక్కడే ఉండి చదవాలి, విద్యార్థులకు నెలనెలా ఉపకార వేతనం ఉంటుంది. డిగ్రీతో పాటు కొన్ని నాటకాల్లో పాల్గొన్న అనుభవానికి ఆధారాలు అడుగుతారు. హిందీ, ఇంగ్లీషు పని జరిగేంతగా రావాలి. కానీ అక్కడ ప్రత్యేకంగా ఎంచుకోగలిగేవి నటన, దర్శకత్వం, రూపకల్పన. నాటక రచన అందులో ఒక పాఠంగా వస్తుంది తప్ప దాని కోసమే వెళ్లే చోటు కాదు.

సినిమా, వెబ్ సిరీస్ వైపు మనసుంటే పుణేలోని ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో స్క్రీన్ రైటింగ్‌కు ఒక కోర్సు, స్క్రీన్ యాక్టింగ్‌కు ఒక కోర్సు వేరువేరుగా ఉన్నాయి. మీరు అడిగిన ‘విడిగానా, కలిపా’ అనే ప్రశ్న అక్కడ నిజంగానే ఎదురవుతుంది.

నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. కోర్సు పేరులో ‘రచన’ అనే మాట ఉందా లేదా అని చూడకండి. మీరు రాసిన దృశ్యాన్ని ఆ వారంలోనే నలుగురు నటులు నిలబడి చదివి, నడిచి చూపించే ఏర్పాటు ఉందా అని అడగండి. ఉంటే అక్కడ చేరండి. రాసిన కాగితాన్ని మార్కులు వేసి తిరిగి ఇచ్చే చోట నాటకం రాయడం రాదు. వాక్యం నటుడి గొంతులో ఎక్కడ తట్టుకుంటుందో, ఎక్కడ ఊపిరి చాలదో, ఏ మాట పలకకుండా చూపుతోనే సరిపోతుందో చెవితో విని, కంటితో చూసి తెలుసుకోవాలి. నటన నేర్చుకున్న రచయితకు ఈ పని సగం సులువవుతుంది. ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం) అని మనవాళ్లు నాలుగు అభినయాలు చెప్పారు. కొత్తగా రాసేవాళ్లు వాచికం మీదే భారమంతా వేస్తారు. పాత్ర కోపంగా ఉందని మరో పాత్ర చేత చెప్పిస్తారు. నటనశాలలో కొన్నాళ్లు గడిపితే ఆ భారం మిగతా మూడింటికీ పంచడం అలవాటవుతుంది.

మీరు ఇంట్లో ఇప్పుడే మొదలుపెట్టగలిగిన అభ్యాసం ఒకటి ఉంది. కన్యాశుల్కం రెండు కూర్పులూ తీసుకోండి. 1897లో అచ్చయిన మొదటిది ఐదంకాలు, 1909 నాటి రెండోది ఏడంకాలు. రెంటినీ పక్కపక్కన పెట్టి మధురవాణి వచ్చే చోట్లన్నీ గుర్తు పెట్టుకుంటూ చదవండి. మొదటి కూర్పులో చిన్నగా ఉన్న పాత్ర రెండోదానికి వచ్చేసరికి నాటకాన్నే నడిపించే స్థాయికి ఎదిగింది. ఏ దృశ్యం కొత్తగా చేర్చారు, ఎవరి నోట మాటలు తగ్గించారు, ఎవరి ప్రవేశాన్ని ఆలస్యం చేశారు అని ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. తిరగరాయడం గురించి ఇంతకన్నా మంచి పాఠం తెలుగులో నాకు కనిపించలేదు. మా తరగతిలో చాలామంది విద్యార్థులు ‘రాయడం’ అంటే మొదటి ప్రతి అనుకుని వస్తారు. ఇది చేశాక ఆ అభిప్రాయం మారుతుంది.

విద్యార్థిని

సార్, చాలా ధన్యవాదాలు. ప్రవేశ పరీక్ష సంగతి కూడా చెప్పండి. ఏకపాత్రాభినయం చేయమంటారని విన్నాను. పౌరాణిక పద్యం ఎత్తుకుంటే మంచిదా, సాంఘికమా?

రంగస్థల అధ్యాపకుడు

పద్యం రాగయుక్తంగా పాడగలిగితే అది మీ బలం, తప్పకుండా ఒకటి సిద్ధం చేసుకోండి. కానీ అదొక్కటే తీసుకుని వెళ్లకండి. పద్యంలో గొంతు తెలుస్తుంది, మనిషి అంతగా తెలియదు. మామూలు మాటల్లో రెండు నిమిషాల భాగం ఒకటి ఉండాలి, అందులో పాత్ర ఎదురుగా ఉన్న మరొకరి నుంచి ఏదో ఒకటి రాబట్టుకోవాలని ప్రయత్నిస్తూ ఉండాలి. ఒంటరిగా నిలబడి గతం తలచుకుని ఏడ్చే ఏకపాత్ర వద్దు. పరీక్షకులు రోజంతా అవే చూస్తారు.

మీ వయసుకు దగ్గరైన పాత్ర ఎంచుకోండి. కాలేజీలో తల్లి పాత్ర వేశారు సరే, ఇక్కడ మాత్రం మీరు మీలా కనిపించాలి. మీరు రాసిందే చేయాలని అనిపిస్తుంది. చేయవచ్చు, కానీ రెండో భాగంగా. మొదటిది మరొకరు రాసిన నాటకంలోది అయితే ఇతరుల మాటను మీరు ఎలా అర్థం చేసుకున్నారో వాళ్లకు తెలుస్తుంది. ఆ నాటకం మొత్తం చదివి వెళ్లండి. ‘ఈ దృశ్యానికి ముందు ఏం జరిగింది?’ అని తప్పక అడుగుతారు. మీరు చేసి చూపించాక, ‘ఇదే భాగాన్ని బస్సు కోసం ఆత్రంగా చూస్తూ చెప్పు’ లాంటిది ఏదో ఒకటి చేయమంటారు. అప్పటికప్పుడు మార్చుకోగలరా అన్నదే వాళ్లు చూసేది. నేర్చుకున్న చేతుల కదలికలను అంటిపెట్టుకుని ఉంటే అక్కడే ఆగిపోతారు. కాబట్టి ఇంట్లో ఒకే భాగాన్ని వంట చేస్తూ, మెట్లెక్కుతూ, గుసగుసగా, పరుగులో ఉన్నట్టు రకరకాలుగా చెప్పి చూడండి.

దరఖాస్తు తేదీలు, రాత పరీక్ష ఏ పద్ధతిలో జరుగుతుందన్నది ఆయా విశ్వవిద్యాలయాల ఆ ఏటి ప్రకటనలోనే చూసుకోవాలి, పాతవాళ్లు చెప్పినదాని మీద ఆధారపడవద్దు.

జవాబు (పరిషత్తు నాటకాల కళాకారుడు, గుంటూరు)

అమ్మాయీ, తెనాలిలో ఉండి నాటకం ఎక్కడ నేర్చుకోవాలని అడుగుతున్నావు! ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది మీ ఊళ్లోనే. స్త్రీ పాత్రలకు పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావుగారు నడిచిన నేల అది. విశ్వవిద్యాలయాల మీద నాకు గౌరవం ఉంది, కానీ పరిషత్తు పోటీల్లో ఒక ఏడాది తిరిగితే వచ్చే చదువు ఏ తరగతి గదిలోనూ రాదు. ఈ ఊళ్లో ఒకలా, ఆ ఊళ్లో ఒకలా వేదిక ఉంటుంది. మైకు సరిగా ఉండదు. పోర్షన్ మరిచిపోయిన సహనటుణ్ణి నువ్వే ఒడ్డుకు చేర్చాలి. నాటిక గంట లోపు ముగియాలి కాబట్టి రాసినవాడికి అనవసరమైన వాక్యం ఏదో రిహార్సల్లోనే తెలిసిపోతుంది. ముందు ఏదైనా నాటక సమాజంలో చేరు. చిన్న వేషమైనా వెయ్యి, కుదరకపోతే ప్రాంప్టింగ్ చెయ్యి, అంటే తెర పక్క నుంచి నటులకు మాటలు అందించు. ప్రాంప్టరుకు నాటకం మొత్తం కంఠస్థమవుతుంది, రచయితకు అంతకన్నా కావలసిందేముంది?

రంగస్థల అధ్యాపకుడు

బాబాయిగారి మాటలో నేను కాదనేది దాదాపు ఏమీ లేదు. ప్రాంప్టింగ్ గురించి చెప్పింది మరీ నిజం. ఒక్కచోట మాత్రం తేడా చెబుతాను. పోటీకి ఒక కొలత ఉంటుంది, న్యాయనిర్ణేతలకు నచ్చేది తెలిసిపోయాక అందరి రచనా అటే జరుగుతుంది. చివరి దృశ్యంలో ఉపన్యాసం, దాని మీద చప్పట్లు. విశ్వవిద్యాలయం రెండేళ్లపాటు ఆ కొలత లేకుండా పని చేసే వీలు ఇస్తుంది. రష్యన్ రంగస్థల గురువు స్టానిస్లావ్‌స్కీ ఏం చెప్పాడు, జర్మన్ నాటక రచయిత బ్రెహ్ట్ ప్రేక్షకుణ్ణి ఎందుకు కథలో మునిగిపోనివ్వడు, మన వీథి నాటకంలో ఆ పని ఎప్పటి నుంచి జరుగుతోంది అని పోల్చి చూసే తీరిక అక్కడే దొరుకుతుంది. బి.వి. కారంత్ జాతీయ నాటక విద్యాలయంలో చదివి, తర్వాత దానికే డైరెక్టరుగా పనిచేసిన మనిషి. ఆయన 1990ల్లో సురభి కళాకారులతో కలిసి పని చేశారు. 1885 నుంచి తరతరాలుగా నాటకమే బతుకైన కుటుంబాలు ఒకవైపు, బడిలో చదువుకున్న దర్శకుడు మరోవైపు. ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. ఈ అమ్మాయికి రెండు దారులూ కావాలి. డిగ్రీ అయ్యేలోపు సమాజంలో చేరి, ఆ అనుభవంతో దరఖాస్తు చేసుకోవడమే నా సలహా. జాతీయ నాటక విద్యాలయం అడిగే ఆధారాలూ అలాగే సమకూరుతాయి. ప్రతి ప్రదర్శనకూ కరపత్రం, ఫొటో, సర్టిఫికెట్ దాచి పెట్టుకోమ్మా.

జవాబు (ఇంగ్లండులో పీజీ చేసిన తెలుగు యువతి)

చెల్లీ, ఇంగ్లండు సంగతి నేను చెబుతాను. నార్విచ్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం ‘స్క్రిప్ట్‌రైటింగ్ అండ్ పెర్ఫార్మెన్స్’ అనే పేరుతోనే బీఏ ఇస్తూ వచ్చింది. మీ స్నేహితురాలు బహుశా దాని గురించే చెప్పి ఉంటుంది. 1970లో బ్రిటన్‌లో సృజనాత్మక రచనకు పీజీ మొదలుపెట్టిన విశ్వవిద్యాలయం అదే, కజువో ఇషిగురో అక్కడే చదివాడు. కానీ ఆ బీఏ మూడేళ్ల డిగ్రీ. ఇంటర్ అయినవాళ్లు యూకాస్ అనే ఉమ్మడి దరఖాస్తు సంస్థ ద్వారా అయిదు కోర్సుల వరకూ ఎంచుకుని దరఖాస్తు చేస్తారు. మీకు డిగ్రీ అయిపోతోంది కాబట్టి మళ్లీ మూడేళ్లు, మూడేళ్ల ఫీజు అనవసరం. మీరు చూడవలసింది ఒక ఏడాది ఎంఏలు. వాటికి నేరుగా విశ్వవిద్యాలయానికే దరఖాస్తు చేసుకోవాలి, స్క్రిప్టు నమూనా పంపాలి, అది ఇంగ్లీషులో ఉండాలి. తెలుగులో రాసింది అనువాదం చేసి పంపితే సంభాషణ పేలవంగా తేలుతుంది, వాళ్ల కోసం కొత్తగా రాయడమే మేలు.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. విదేశీ విద్యార్థులకు ఫీజు సాధారణంగా ఏడాదికి ఇరవై వేల పౌండ్లకు అటూఇటూ ఉంటుంది, ఇంటి అద్దె దానికి అదనం. చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. చదువయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసాను 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవారికి రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గించారు. ఆ వ్యవధిలో నాటక రచనతో అప్పు తీర్చడం కష్టం. తెలుగులో రాయాలని ఉన్నవాళ్లు ఇల్లు తాకట్టు పెట్టి అక్కడికి వెళ్లడం నాకు ఇష్టం లేదు. పూర్తి స్కాలర్‌షిప్ వస్తే మాత్రం వదులుకోకండి. రోజూ నాటకం చూడగలిగే దేశం అది, చవక టికెట్లు విద్యార్థులకు దొరుకుతాయి. చూసి నేర్చుకున్నది నాకు తరగతిలో నేర్చుకున్న దానికి ఏమాత్రం తీసిపోలేదు.

విద్యార్థిని

అక్కా, మీ మాటతో ఆ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాను. చివరిగా నాన్నగారి ప్రశ్న. చదివాక ఏం చేస్తారు? ఇంకొకటి, రాసిన నాటికను పదిమందికి చూపించాలంటే ఎవరైనా వాడేసుకుంటారేమోనని భయంగా ఉంది.

రంగస్థల అధ్యాపకుడు

నాన్నగారికి ఇలా చెప్పండి. బోధన వైపు వెళ్లాలంటే యూజీసీ నెట్‌లో ప్రదర్శన కళల కింద నాటకం ఒక సబ్జెక్టుగా ఉంది. పీజీ తర్వాత అది ఉత్తీర్ణులైతే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి అర్హత వస్తుంది. ఖాళీలు తక్కువ, ఆ మాటా చెప్పాలి. బీఈడీ చేసి ఉంటే పాఠశాలల్లో తెలుగు చెబుతూ పిల్లల చేత నాటకాలు వేయించవచ్చు, అలా పనిచేసేవాళ్లు కావాలని అడిగే పాఠశాలలు నగరాల్లో ఉన్నాయి. అందుకని నాన్నగారి ఆలోచన మీ కోరికకు అడ్డం కాదు, పీజీ తర్వాత కూడా చేయవచ్చు. టీవీ ధారావాహికలకు సంభాషణలు రాసే బృందాలు, డబ్బింగ్, వెబ్ సిరీస్‌లలో సహాయ రచయితల పని, ఇవన్నీ హైదరాబాద్‌లో ఉన్నాయి. మొదటి రెండు మూడేళ్లు ఆదాయం నిలకడగా ఉండదు. ఆకాశవాణిని మరిచిపోవద్దు. నాటక కళాకారులకు ధ్వని పరీక్ష పెట్టి ఎంపిక చేస్తారు. 1948లో మొదలైన విజయవాడ కేంద్రం మీకు దగ్గరే. రేడియో నాటకం రాసేటప్పుడు తలుపు తెరుచుకుందని కూడా మాటతోనో శబ్దంతోనో చెప్పాలి. సంభాషణ పొదుపుగా రాయడం అక్కడ బాగా పట్టుబడుతుంది.

రచన హక్కు విషయం: రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది, నమోదు చేయకపోయినా సరే. వివాదం వస్తే నిరూపించుకోవడానికి నమోదు ఉపయోగపడుతుంది. కాపీరైట్ కార్యాలయంలో సాహిత్య, నాటక రచనకు రుసుము 500 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే చేయవచ్చు. సినిమా కథలైతే రచయితల సంఘాల్లోనూ నమోదు చేయించుకుంటారు. అయితే కేవలం ఆలోచనకు ఈ రక్షణ ఉండదు, రాసిన రూపానికే ఉంటుంది. కాబట్టి కథ నోటితో చెప్పి రాకండి, పూర్తిగా రాసి తేదీ వేసి మెయిల్‌లో పంపండి. అలాగని దాచుకుని కూర్చోవద్దు. ఆ నాటికను ఈ నెలలోనే నలుగురు స్నేహితులను కూర్చోబెట్టి చదివించండి, తల్లి పాత్ర మరొకరికి ఇచ్చి మీరు వినండి. ఎక్కడెక్కడ వాళ్లు తడబడ్డారో గుర్తు పెట్టి, తిరగరాసిన ప్రతిని ఇక్కడ పెడితే నేనూ చదువుతాను.

పరిషత్తు నాటకాల కళాకారుడు

నాకూ పంపమ్మా. వచ్చే పోటీలకు మా సమాజం నాటిక కోసం చూస్తోంది.