యూత్ కూడికలో యూ2 పాట: "ఇంకా దొరకలేదు" అనడం అవిశ్వాసమా?

పర్లాకిమిడి_యూత్:
అందరికీ వందనాలు. మా సంఘంలో వచ్చే యవనస్థుల కూడికకి ఒక రాక్ పాట వినిపించి, దాని మీంచి వాక్యంలోకి వెళ్దామనుకుంటున్నాం. ఐర్లాండ్ రాక్ బ్యాండ్ యూ2 వాళ్ల "ఐ స్టిల్ హావెంట్ ఫౌండ్ వాట్ ఐయామ్ లుకింగ్ ఫర్" (1987). పాటలో సిలువ సూటిగానే ఉంది. కానీ పెద్దలు "క్రీస్తు దొరికినవాడు ఇంకా దొరకలేదని ఎలా పాడతాడు?" అంటున్నారు. వాళ్లకేం చెప్పాలి? ఉన్నది 45 నిమిషాలు. పిల్లల్లో సగంమంది ఒడియా మీడియం, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు.

రాయగడ_బేస్:
పెద్దలు అడిగింది సరైన ప్రశ్న తమ్ముడూ. దాన్ని పక్కన పెట్టకుండా కూడికంతా దాని మీదే నడపండి.

జవాబు పాట వరసలోనే ఉంది. చివరి చరణంలో గాయకుడు దేవుని రాజ్యం వస్తుందని నమ్ముతున్నానంటాడు. నువ్వు కట్లు తెంచావు, సంకెళ్లు విప్పావు, నా అవమానపు సిలువ మోశావు, ఇది నేను నమ్ముతున్నానని నీకు తెలుసు అంటాడు. ఆ ఒప్పుకోలు అయ్యాకే "ఇంకా దొరకలేదు" మళ్లీ వస్తుంది. అంటే దొరకనిది క్రీస్తు కాదు, రావలసిన రాజ్యం. ఇక్కడ ఫిలిప్పీ 3:12 చదివించండి: "ఇదివరకే నేను గెలిచితిననియైనను, ఇదివరకే సంపూర్ణ సిద్ధి పొందితిననియైనను నేను అనుకొనుటలేదు." ఇలా రాసింది పౌలు. ఆయనది అవిశ్వాసమని ఏ పెద్దా అనడు. తర్వాత చూడనిదాని కోసం ఓపికతో కనిపెట్టడం గురించి చెప్పే రోమా 8:23-25. పెద్దల ప్రశ్నకి ఈ రెండూ చాలు. పది రిఫరెన్సులిస్తే పిల్లలు పేజీలు తిప్పుతూ పాటనే వదిలేస్తారు.

ఇలాంటి ధ్యానం చెడేది ప్రతి లైనులోనూ క్రీస్తుని వెతకబోయినప్పుడే. తేనె పెదవుల ముద్దు గురించిన లైను మనిషి కోరిక గురించే, దాన్ని బైబిల్లోని ప్రేమగీతం పరమగీతం వైపు లాగకండి. దాని పక్కన పెట్టాల్సింది జారస్త్రీ పెదవుల నుంచి తేనె కారుతుందని హెచ్చరించే సామెతలు 5:3. ఆ తర్వాత దేవదూతల భాషలతో మాట్లాడాను, దయ్యం చెయ్యి పట్టుకున్నాను, రాత్రి వెచ్చగా ఉన్నా నేను రాయిలా చల్లగా ఉన్నాను అంటాడు. 1 కొరింథీ 13:1 తెరిచి చూడండి. దేవదూతల భాష ఉండి ప్రేమ లేకపోతే మనిషి మ్రోగెడు కంచు అంటాడు పౌలు. ఇక్కడ ఆ మనిషి రాయి అయ్యాడు. నా లెక్కన పాటలో అన్నిటికన్నా లోతైన చోటు ఇదే, పదిహేను నిమిషాలు దీనికే ఇవ్వండి.

గునుపురం_క్వాయర్:
పాడించే సంగతి. ఆల్బమ్‌లో పాట డి ఫ్లాట్‌లో ఉంది. గిటార్‌కి మొదటి ఫ్రెట్‌లో కేపో (తీగల్ని నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి సి, ఎఫ్, జి వాయిస్తే సరిపోతుంది. పల్లవి జి, ఎఫ్, సి. గొంతు బాగా పైకి పోతుంది, మామూలు మగగొంతులు పల్లవి దగ్గరే చీలిపోతాయి. కేపో తీసేసి జి స్కేలుకి దించండి, అప్పుడు కార్డులు జి, సి, డి. ఆ రికార్డింగ్ పెద్దలకి నచ్చకపోతే 1988 "రాటిల్ అండ్ హమ్" ఆల్బమ్‌లో గాస్పెల్ క్వాయర్‌తో పాడిన రికార్డింగ్ ఉంది, అది వినిపించండి. ఒకసారి అర్థం చెప్పకముందు, ఒకసారి చెప్పాక.

చదవలేని పిల్లల కోసం చరణాల భావం బోర్డు మీద ఒడియా లిపిలో రాయండి. ఫిలిప్పీ వాక్యం ఒకరు ఒడియా బైబిల్లోంచి, ఒకరు తెలుగులోంచి పైకి చదవాలి. స్క్రీన్ మీద ఇంగ్లీషు లిరిక్స్ మాత్రమే వేస్తే వెనక బెంచీలు మాటల్లో పడతాయి.

బరంపురం_కీర్తన:
పెద్దలు అప్పటికీ ఒప్పుకోకపోతే అదే బ్యాండ్ పాట "40"తో మొదలుపెట్టండి. 1983 "వార్" ఆల్బమ్‌లో చివరిది. చరణాలు 40వ కీర్తన మొదటి మూడు వచనాల్లోంచే వచ్చాయి: జిగటగల దొంగ ఊబి, బండ మీద నిలిపిన పాదాలు, క్రొత్త గీతం. ఒక్క జాగ్రత్త. "ఈ పాట ఎంతకాలం పాడాలి" అన్న మాట 40వ కీర్తనలో లేదు, పిల్లలు అక్కడ వెతికి తికమకపడతారు. దానికి 6వ కీర్తన 3వ వచనం చూపించండి. అదే ఆల్బమ్ మొదటి పాట "సండే బ్లడీ సండే"లోనూ ఆ ప్రశ్నే ఉంది, అక్కడ అడిగేది ఐర్లాండ్ రక్తపాతం గురించి.

పర్లాకిమిడి_యూత్:
చాలా మేలు చేశారు అన్నా. తేనె పెదవుల లైను పెద్దల ముందు చదవాలా, వదిలెయ్యాలా?

రాయగడ_బేస్:
చదవండి. అది తీసేస్తే చివరి చరణంలో ఏ అవమానపు సిలువ గురించి మాట్లాడుతున్నాడో పిల్లలకి అందదు. పెద్దలకి మాత్రం లిరిక్స్ మొత్తం ముందే ఇవ్వండి.