ఎలక్ట్రాన్ యాప్‌లో గూగుల్ లాగిన్ ఆగిపోతోంది, వాట్సాప్‌లో స్కోర్ కార్డు రావట్లేదు

అశోక్‌నగర్_డెవ్:

గ్రూప్-2 మాక్ టెస్టుల యాప్. విండోస్‌కి ఎలక్ట్రాన్ (వెబ్ కోడ్‌తో డెస్క్‌టాప్ యాప్ కట్టే సాధనం), వెబ్‌కి రియాక్ట్ (బ్రౌజర్‌లోనే పేజీ తయారుచేసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ), వెనకాల సర్వర్‌కి నోడ్, డేటాబేస్‌కి పోస్ట్‌గ్రెస్. వాడేవాళ్లు దాదాపు అందరూ అశోక్‌నగర్, చిక్కడపల్లి స్టడీ హాళ్లలో చదువుకునే అభ్యర్థులే. చాలాచోట్ల ఒకే సిస్టమ్ మీద రోజుకు పదిమంది మారతారు.

కావాల్సినవి: గూగుల్ లాగిన్, స్కోర్ వాట్సాప్‌లో పంపుకోవడం, టెస్ట్ అవ్వగానే అభ్యర్థి ఫేస్‌బుక్ వాల్ మీద దానంతటదే పోస్ట్ పడటం, ప్రతి ప్రశ్న కింద లైకులు, కామెంట్లు.

యాప్ లోపలి విండోలో గూగుల్ పేజీ తెరిస్తే ‘ఈ బ్రౌజర్ లేదా యాప్ సురక్షితం కాకపోవచ్చు’ అని వెనక్కి పంపేస్తోంది. యూజర్ ఏజెంట్ (ఏ బ్రౌజరో సైట్‌కి చెప్పే గుర్తు) మారిస్తే ఒక మెషీన్‌లో లాగిన్ అవుతోంది, ఇంకోదాంట్లో అవ్వట్లేదు. వాట్సాప్‌లో ఎవరి స్కోర్ లింక్ పంపినా యాప్ లోగోనే వస్తోంది, మార్కులు రావు. ఎక్కడ సరిచేయాలి?

పోర్ట్_సున్నా:

యూజర్ ఏజెంట్ మార్చే పని ఇవాళే తీసేయండి. అది గూగుల్ కావాలని మూసిన దారి. యాప్ లోపలి విండోలో పాస్‌వర్డ్ కొడితే దాన్ని యాప్ చదవగలదు, వాళ్ల అభ్యంతరం అదే. డెస్క్‌టాప్ యాప్‌లు సిస్టమ్ బ్రౌజర్‌నే వాడాలని 2017లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8252 కూడా చెప్పింది.

గూగుల్ క్లౌడ్ కన్సోల్‌లో ‘డెస్క్‌టాప్ యాప్’ రకం క్లయింట్ (మీ యాప్ ఏదో గూగుల్‌కి చెప్పే ఐడీ) ఒకటి తీసుకోండి, వెబ్‌కి ఇంకోటి. రెండిటికీ ఒకటే వాడొద్దు. లాగిన్ బటన్ నొక్కగానే యాప్ 127.0.0.1 (ఆ సిస్టమ్‌కి మాత్రమే కనిపించే చిరునామా) మీద పోర్ట్ 0తో చిన్న సర్వర్ తెరవాలి, బ్రౌజర్‌లో లాగిన్ అయ్యాక గూగుల్ ఇచ్చే కోడ్ దానికే వస్తుంది. 0 ఇస్తే ఖాళీగా ఉన్న పోర్ట్‌ని ఆపరేటింగ్ సిస్టమే చూసి ఇస్తుంది. తర్వాత పీకేసీఈ (ఆ కోడ్‌ని ఎవరైనా కొట్టేసినా వాళ్లకు పనికిరాకుండా చేసే పద్ధతి): 43 నుంచి 128 క్యారెక్టర్ల ర్యాండమ్ వెరిఫైయర్, దానికి షా-256 హాష్, దాన్ని బేస్64 యూఆర్‌ఎల్ రూపంలోకి మార్చి చివరి ‘=’ గుర్తులు తీసేయాలి. ఆ గుర్తులు వదిలేసినా, మామూలు బేస్64 వాడినా, కోడ్ ఇచ్చి టోకెన్ (లాగిన్ అయినట్టు రుజువు) అడిగే దగ్గర ‘ఇన్‌వాలిడ్ గ్రాంట్’ వస్తుంది. స్టేట్ (రిక్వెస్ట్‌తో వెళ్లి తిరిగొచ్చే గుర్తు) కూడా ర్యాండమ్‌గా పెట్టి, తిరిగొచ్చాక సరిపోల్చండి. రీడైరెక్ట్ చిరునామా పోర్ట్‌తో సహా, లాగిన్ అడిగే, టోకెన్ అడిగే రెండు రిక్వెస్టుల్లోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి.

సర్వర్‌ని పొరపాటున 0.0.0.0 (బయటి సిస్టమ్‌లకూ తెరిచి ఉండే చిరునామా) మీద తెరిచారంటే విండోస్ ఫైర్‌వాల్ అనుమతి అడుగుతుంది. స్టడీ హాల్లో అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంటుంది? పని అక్కడే ఆగుతుంది. అలాగే యూజర్ మధ్యలో ట్యాబ్ మూసేసి వెళ్లిపోతాడు, కాబట్టి 3 నిమిషాల్లో కోడ్ రాకపోతే సర్వర్ మూసేసి బటన్‌ని మళ్లీ మామూలు చేయండి.

యూజర్‌ని గుర్తుపట్టడానికి ఈమెయిల్ వాడొద్దు, ఐడీ టోకెన్‌లోని ‘సబ్’ (గూగుల్ ఖాతా ఐడీ) వాడండి. మెయిల్ మారొచ్చు, సబ్ మారదు. ఫేస్‌బుక్ లాగిన్ కూడా పెడితే ఈ జాగ్రత్త ఇంకా అవసరం. ఫోన్ నంబర్‌తో ఖాతా తెరిచినవాళ్ల మెయిల్ అక్కడ అసలు రాకపోవచ్చు. ఫేస్‌బుక్ యాప్ సీక్రెట్‌ని మాత్రం ఎలక్ట్రాన్ ప్యాకేజీలో పెట్టకండి. దాన్ని విప్పడానికి ఒక్క కమాండ్ చాలు.

ఒత్తుల_రెండర్:

ఫేస్‌బుక్ వాల్ ఆశ వదులుకోండి. యాప్‌లు యూజర్ తరఫున ప్రొఫైల్ మీద పోస్ట్ చేసే అనుమతిని 2018లోనే తీసేశారు. ఇప్పుడున్నది షేర్ డైలాగ్ ఒక్కటే: లింక్ మీరిస్తారు, పోస్ట్ బటన్ మనిషే నొక్కాలి. నిజానికి అదే మంచిది, 38 మార్కులొచ్చిన స్కోర్‌ని వాల్ మీద దానంతటదే వేస్తే ఆ అభ్యర్థి మళ్లీ యాప్ తెరవడు.

ఇక లోగో సంగతి. లింక్ ప్రివ్యూ తీసే బాట్లు జావాస్క్రిప్ట్ నడపవు. మీ రియాక్ట్ యాప్‌లో ఏ పేజీ అడిగినా సర్వర్ ఒకే ఇండెక్స్ ఫైల్ ఇస్తోంది, అందులోని లోగోనే వాటికి కనిపిస్తోంది. స్కోర్ పేజీ వరకు సర్వర్‌లోనే హెచ్‌టీఎంఎల్ తయారుచేసి, ఓపెన్ గ్రాఫ్ (ప్రివ్యూలో ఏం చూపాలో బాట్లకు చెప్పేవి) టైటిల్, డిస్క్రిప్షన్, ఇమేజ్, యూఆర్‌ఎల్ ట్యాగులు హెడ్‌లో పైనే పెట్టండి. బొమ్మ 1200×630 జేపెగ్, 600 కేబీ లోపు, చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో పూర్తిగా. సగం చిరునామా ఇస్తే ప్రివ్యూ ఖాళీ. ఇవన్నీ చేసినా పాతదే వస్తుంటే అది క్యాష్ (వాళ్లు ముందే దాచుకున్న కాపీ). ఫేస్‌బుక్‌కి షేరింగ్ డీబగ్గర్‌లో ‘స్క్రేప్ అగైన్’ నొక్కొచ్చు. వాట్సాప్‌కి అలాంటి బటన్ లేదు, లింక్ చివర వెర్షన్ నంబర్ మార్చి పంపండి. బాట్లను అడ్డుకునే ఫైర్‌వాల్ ఏదైనా ముందు పెట్టుకుంటే అదీ చూసుకోండి.

బొమ్మ మీద తెలుగు రాస్తున్నారా? ఇక్కడ చాలామంది దెబ్బతింటారు. సర్వర్ నడిపే డాకర్ స్లిమ్ ఇమేజ్‌లో (కుదించిన సిస్టమ్ ప్యాకేజీ) తెలుగు ఫాంట్ ఉండదు, అక్షరాలకు బదులు డబ్బాలు వస్తాయి. నోటో సాన్స్ తెలుగు ఇన్‌స్టాల్ చేస్తే డబ్బాలు పోతాయి గానీ, బొమ్మ గీసే లైబ్రరీకి షేపింగ్ (ఒత్తులు, గుణింతాలు కలిపి గీయడం) రాకపోతే ఒత్తులు విడిపోయి ‘స్కోర్’ కాస్తా ‘స్‌కోర్’ అవుతుంది. హెడ్‌లెస్ క్రోమ్‌తో (విండో లేకుండా నడిచే క్రోమ్) హెచ్‌టీఎంఎల్‌ని స్క్రీన్‌షాట్ తీయించడం బరువైన పనే, కానీ ఒత్తు ఎక్కడా తప్పదు. స్కోర్‌కి ఒకసారి తీసి దాచుకుంటే సరి.

వాట్సాప్ షేర్‌కి ఏ కీ అక్కర్లేదు, డబ్ల్యూఏ డాట్ మీ లింక్‌కి టెక్స్ట్ తగిలిస్తే చాలు. టెక్స్ట్‌ని తప్పకుండా ఎన్‌కోడ్ చేయండి. తెలుగులో ఒక్కో కోడ్ పాయింట్ (యూనికోడ్‌లో విడిగా నంబరున్న గుర్తు) యూటీఎఫ్-8లో 3 బైట్లు, లింక్‌లో 9 క్యారెక్టర్లు. ‘హైదరాబాద్’ కంటికి అయిదక్షరాలే, గుణింతాలూ పొల్లూ కలిపి 9 కోడ్ పాయింట్లు, లింక్‌లో 81 క్యారెక్టర్లు. కాబట్టి రెండు ముక్కలు రాసి మీ పొట్టి లింక్ పెట్టండి. ఎక్స్‌లోనూ (పాత ట్విట్టర్) అదే పదానికి 280 క్యారెక్టర్ల పరిమితిలో 9 పోతాయి, లింక్ ఎంత పొడవున్నా 23.

వెబ్‌లో బ్రౌజర్ షేర్ షీట్ (ఏ యాప్‌కి పంపాలో అడిగే జాబితా) వాడితే లింక్ ముందే సిద్ధంగా ఉంచుకోండి. క్లిక్ అయ్యాక సర్వర్‌ని అడిగి, జవాబొచ్చాక షీట్ తెరుద్దామంటే సఫారీ ఒప్పుకోకపోవచ్చు. డెస్క్‌టాప్ ఫైర్‌ఫాక్స్‌ని నమ్ముకోలేం, పక్కన ‘లింక్ కాపీ’ బటన్ ఉండాల్సిందే. స్కోర్ లింక్‌లో 1, 2, 3 వరస నంబర్లు మాత్రం వద్దు, ర్యాండమ్ ఐడీ ఇవ్వండి.

ఉప్పల్_డీబీఏ:

అన్నా, లైకుల ముచ్చట ఎవ్వరూ ఎత్తలే. యూజర్ ఐడీ, ప్రశ్న ఐడీ రెండూ కలిపి యూనిక్ పెట్టుండ్రి, ఇన్‌సర్ట్‌కి ‘ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్’ (ముందే ఉంటే ఏం చేయకు అని). లేకుంటే నెట్ స్లో ఉన్నప్పుడు నాలుగుసార్లు నొక్కితే నాలుగు లైకులు పడ్తయ్. కౌంటర్ వేరే కాలమ్‌ల ఉంటే, టేబుల్‌ల కొత్త వరుస (రో) నిజంగా చేరినప్పుడే, అదే ట్రాన్సాక్షన్‌ల పెంచాలె. కామెంట్ల పేజీలకు ఆఫ్‌సెట్ (మొదటి ఇన్ని వదిలి తర్వాతివి ఇయ్యి అనుడు) వద్దు. మధ్యల కొత్త కామెంట్ వస్తే పాతది మళ్లొకసారి కనబడ్తది. చివరి కామెంట్ టైము, ఐడీ ఇచ్చి దాని తర్వాతివి అడుగుండ్రి.

ఇంకొకటి, ఇది మస్తు ముఖ్యం. కామెంట్‌ల ఎవడన్న స్క్రిప్ట్ పెడితే వెబ్‌ల మీ సైట్ వరకే ఖరాబు. ఎలక్ట్రాన్‌ల నోడ్ ఇంటిగ్రేషన్ (పేజీల కోడ్‌కి సిస్టమ్ దాకా దారి ఇచ్చుడు) ఆన్ ఉంటే సిస్టమే వాని చేతికి పోతది. అది ఆఫ్, కాంటెక్స్ట్ ఐసొలేషన్ (పేజీ కోడ్‌ని యాప్ కోడ్‌కెల్లి వేరుగ ఉంచుడు) ఆన్ ఉండాలె. కామెంట్‌ని హెచ్‌టీఎంఎల్ లెక్క కాదు, ఉత్త టెక్స్ట్ లెక్కనే చూపియ్యాలె. బయటి లింకులల్ల హెచ్‌టీటీపీఎస్ ఉన్నయే తెరవాలె. రిపోర్ట్ బటన్ పెట్టుండ్రి. జనం రాసేది మీ దగ్గర కనబడ్తున్నదంటే ఐటీ రూల్స్ 2021 ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసేటోళ్లు) పేరు, కాంటాక్ట్ యాప్‌ల ఇయ్యాలె.

అశోక్‌నగర్_డెవ్:

చాలా థాంక్స్ అండీ. పోర్ట్_సున్నా గారూ, ఒక సందేహం. సిస్టమ్ బ్రౌజర్‌లో లాగిన్ చేయిస్తే, స్టడీ హాల్ సిస్టమ్‌లో ఆ అభ్యర్థి జీమెయిల్ తెరిచే ఉండిపోతుంది కదా? యాప్‌లో లాగౌట్ కొడితే సరిపోతుందా?

పోర్ట్_సున్నా:

సరిపోదు. మీ లాగౌట్‌కి బ్రౌజర్‌లోని గూగుల్ సెషన్ తెగదు. గూగుల్‌కి పంపే లాగిన్ రిక్వెస్ట్‌లో ‘ప్రాంప్ట్’ దగ్గర ‘సెలెక్ట్ అకౌంట్’ ఇస్తే తర్వాత వచ్చినవాడు ముందువాడి ఖాతాలోకి తెలియకుండా వెళ్లడం తగ్గుతుంది, అంతే. మీ యాప్‌లోనూ ఇలాంటిదే ఇంకోటుంది. ఎలక్ట్రాన్ సేఫ్ స్టోరేజ్ (టోకెన్ లాంటివాటిని ఎన్‌క్రిప్ట్ చేసే సదుపాయం) విండోస్‌లో డీపీఏపీఐ (విండోస్ సొంత ఎన్‌క్రిప్షన్) వాడుతుంది, దాని కాపలా విండోస్ యూజర్ ఖాతాల మధ్య. అక్కడ పదిమందిదీ ఒకటే విండోస్ ఖాతా. టోకెన్ డిస్క్ మీద పెడితే తర్వాతివాడు యాప్ తెరవగానే ముందువాడి పేరుతో లోపలికొస్తాడు.

అందుకే ‘ఇది అందరూ వాడే సిస్టమ్’ అని ఒక టిక్ పెట్టి, అది ఉంటే టోకెన్ మెమరీలోనే ఉంచండి, 20 నిమిషాలు కదలిక లేకపోతే తుడిచేయండి. లాగిన్ కూడా అక్కడ బ్రౌజర్‌లో కాకుండా క్యూఆర్‌తో: యాప్ క్యూఆర్ చూపిస్తుంది, అభ్యర్థి తన ఫోన్‌లో మీ వెబ్ పేజీ తెరిచి, గూగుల్‌తో అక్కడే లాగిన్ అయి ‘ఈ సిస్టమ్‌లో తెరవాలా?’కి అవునంటాడు. క్యూఆర్ 90 సెకన్లకు మించి బతకకూడదు, ఒకసారికే పనిచేయాలి. క్యూఆర్‌లో లేని ఇంకో రహస్యం యాప్ దగ్గర ఉండాలి, సెషన్ తీసుకునేటప్పుడు సర్వర్ దాన్నే అడగాలి. లేదంటే పక్క టేబుల్ నుంచి క్యూఆర్ ఫొటో తీసినవాడు కూడా ఆ సెషన్ పట్టుకుపోతాడు.