ఉదయగిరి దాటిన ఊరికి ఉత్తరం ఎవరు మోయాలి?

కావలి సభ్యుడు:
1898 నాటి పోస్టాఫీసు చట్టం ఉత్తరాలు మోసే హక్కును ప్రభుత్వానికే ఇచ్చింది. 2024 జూన్ 18న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఆ గుత్తహక్కు లేదు. అటువంటప్పుడు లాభం రాని ఊళ్ళకు కూడా అదే ధరకు బట్వాడా చేసే భారాన్ని తపాలా శాఖ ఒక్కదాని మీదే ఉంచడం న్యాయమేనా, లేక కొరియర్ల నుంచీ రుసుము వసూలు చేయాలా?

నెల్లూరు వ్యాపారి:
పోటీ కొత్తగా వచ్చిందేమీ కాదు. ఉత్తరాన్ని 'డాక్యుమెంటు' అని పిలుస్తూ కొరియర్లు దశాబ్దాలుగా ఈ పని చేస్తూనే ఉన్నాయి. నేను చెన్నైకి, విజయవాడకు పంపే కవర్లు వేళకు చేరుతున్నాయి. మారుమూల ఊళ్ళ నష్టాన్ని ప్రభుత్వం బడ్జెట్టు నుంచి భరించాలి గాని, నా కవరు మీద రుసుము వేయడం సరికాదు.

సీతారామపురం ఉపాధ్యాయుడు:
వ్యాపారి గారు చెప్పినది నెల్లూరు ట్రంకు రోడ్డు వరకు నిజమే. నాకు రావలసిన బ్యాంకు కార్డును ఒక కొరియరు వారు మా ఊరికి ముందున్న ఉదయగిరిలోనే ఆపి, వచ్చి తీసుకోమని ఫోను చేశారు. రానుపోను బస్సు చార్జీ, ఒక పూట సెలవు నా ఖాతాలో పడ్డాయి. ఆ ఖర్చు వారి రసీదులో ఎక్కడా కనిపించదు. మా బ్రాంచి పోస్టాఫీసుకు మాత్రం అయిదు రూపాయల స్టాంపుతోనే కవరు వస్తుంది. దూరంతో నిమిత్తం లేని ఆ ధర 1854 నుంచీ ఉన్నదే, పట్నాల రాబడి మెట్ట ఊళ్ళ నష్టాన్ని పూడ్చినంత కాలం అది నిలిచింది. పెన్నా కాలవ కింది మాగాణిని ఒకరు కోరుకొని, ఉదయగిరి మెట్టను మరొకరికి వదిలి, తరువాత ఇద్దరి దిగుబడినీ పోల్చి రెండోవాడిని చేతకానివాడనడం ఏం లెక్క? కనుక పట్నాల్లో మాత్రమే తిరిగే సంస్థల నుంచి ఎంతో కొంత వసూలు చేసి, దానిని పల్లె బట్వాడాకే కేటాయించాలని నా వాదన.

ఒంగోలు సభ్యుడు:
శాఖ కూడా పూర్తిగా నిర్దోషి కాదు. దూరంతో పని లేకుండా ఒకే రుసుముతో పోయే రిజిస్టర్డ్ పోస్టును 2025లో, దూరాన్ని బట్టి ధర పలికే స్పీడ్ పోస్టులో కలిపేసింది.

సీతారామపురం ఉపాధ్యాయుడు:
అది ఒప్పుకోక తప్పదు. బ్రిటన్‌లో 2013లో రాయల్ మెయిల్ షేర్లను అమ్మినా, దేశమంతటికీ ఒకే ధర అన్న బాధ్యతను చట్టంలో ఉంచారు. డెన్మార్క్ 2024లో ఆ బాధ్యతను తొలగించింది, 2025 చివరికి అక్కడి ప్రభుత్వ తపాలా సంస్థ ఉత్తరాల బట్వాడానే ఆపేసింది. మన శాఖ తన బాధ్యతను రిజిస్టర్డ్ పోస్టులాగా చప్పుడు లేకుండా తగ్గించుకుంటూ పోతే, నేను అడిగే రుసుముకూ అర్థముండదు. ముందుగా ఆ బాధ్యత ఏమిటో చట్టంలో రాయాలి.