"శరధిం గప్పలి జోంగు..." కప్పలా? గప్పలా?

నీలిగీత: వేసవంతా మధ్యధరాలో తిరిగిన ఓడలు అక్టోబరు, నవంబరు వచ్చేసరికి కరీబియన్‌కి వెళ్ళిపోతాయి కదా, అలాంటి ఓడలో ఉన్నాను, పోవడమే గానీ మళ్ళీ ఇదే ఓడలో వెనక్కి రావడం ఉండదు. నేల చూసి ఆరు రోజులైంది. పడమరకి పోతున్నాం కాబట్టి రాత్రి గడియారం గంట వెనక్కి తిప్పమంటారు, ఆ రోజుకి 25 గంటలు. డెక్ మీద రెయిలింగ్ పట్టుకుని నిలబడితే ఒకటే ముక్క బుర్రలో తిరుగుతోంది, "శరధిం గప్పలి జోంగు వల్లి...", ఆ తర్వాత రావట్లేదు. గప్పలి ఏంటండీ?

పాతపుస్తకం: శ్రీనాథుడి హరవిలాసం, అందులో వర్తకుడు అవచి తిప్పయ్య శెట్టి మీద పద్యం, ఏయే ఊళ్ళ నుంచి కస్తూరి, కర్పూరం లాంటి సరుకు ఓడల్లో తెప్పించాడో చెప్పేది. "...వలికా సమ్మన్లఁ దెప్పించు". అది కప్పలే, ముందు ద్రుతం (శరధిన్‌లో న్) ఉంది కాబట్టి గ అయింది. తమిళంలో కప్పల్ అంటే ఓడేగా. జోంగు మలయ్ వాళ్ళ ఓడ. అది వదిలేయండి, అసలు తేలనిది ఊళ్ళ పేర్లుండే మొదటి పాదం: "గోవ" తర్వాత రమణస్థానమా, రమణాస్థానమా (రమణ ఆస్థానం)?

మత్తేభం: 'స్థా' ముందున్న ణ ఎలాగూ గురువే, గణాలకి రెండూ సరిపోతాయి, యతీ తేల్చదు. నేను రమణస్థానమే అంటాను. తరుణాసీరి, తవాయి, గోవ అని వరసగా ఊళ్ళు చెప్తూ మధ్యలో ఆస్థానం ఎందుకొస్తుంది?

పాతపుస్తకం: ఊరికి రాజుండడా మాస్టారూ? కస్తూరి, కర్పూరం ఉండేది ఎక్కడ?

తీరం: తరుణాసీరి అంటే తెనాసరిం, తవాయి ఇప్పటి దవై, రెండూ బర్మా తీరమే. అక్కణ్ణించి తెరచాప ఎత్తి ఇటు రావాలంటే ఈశాన్య గాలి తిరగాలి, అంటే అక్కా, మీ ఓడా పడమరకే, ఆ జోంగూ పడమరకే, కాలమూ దగ్గరదగ్గర ఇదే. 1492 సెప్టెంబరులో కొలంబస్ కెనరీ దీవుల నుంచి పోయిందీ ఈశాన్య గాలి మీదే. నాకైతే శరధిలో శరత్తు కూడా వినిపిస్తుంది.

మత్తేభం: వినిపించొచ్చు గానీ శరం అంటే నీళ్ళు తమ్ముడూ, అందుకే శరధి సముద్రం, శరత్తుతో చుట్టరికం లేదు. అమ్ములపొదీ శరధే.

పాతపుస్తకం: ఇన్ని సముద్రాల సరుకు ఒక్క పద్యంలో దింపిన శ్రీనాథుడు చివరికి పంట కృష్ణ పాలై, ఏడునూర్ల టంకాల శిస్తు కట్టలేకపోయాడు. "కృష్ణవేణమ్మ గొనిపోయె నింత ఫలము", ఆ చాటువు చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది నాకు.

నీలిగీత: ఇవాళ రాత్రి ఇంకో గంట కలుస్తోంది, నాలుగు పాదాలూ కంఠతా పట్టేస్తాను. రమణ సంగతి మీరూ మీరూ చూసుకోండి గానీ, వలికా ఎలాంటి ఓడ?