హారిబో మొదటి ఎలుగుబంటి మిఠాయి జిలటిన్‌తో చేసిందేనా?

గోదారిగట్టు: 1922లో జర్మన్ మిఠాయి కంపెనీ హారిబో స్థాపకుడు హాన్స్ రీగెల్ చేసిన ఎలుగుబంటి ఆకారపు మిఠాయి ‘టాంట్స్‌బేర్’కీ, ఇప్పుడు దొరికే ‘గోల్డ్‌బేరెన్’కీ తయారీలో తేడా ఏమిటి? ఆ పాత పద్ధతి ఇంట్లో కుదురుతుందా?

పాకంపట్టు: జిలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే, గడ్డకట్టించే పదార్థం) కాదండీ, తుమ్మబంక. అరబిక్ గమ్ పేరుతో అమ్మేది అదే. 1920 డిసెంబర్ 13న బాన్‌లో కంపెనీ పెట్టేనాటికి రీగెల్ దగ్గరున్నవి ఒక చక్కెర బస్తా, చలువరాతి పలక, రాగి గిన్నె, ఇటుకల పొయ్యి, రోలరు, స్టూలు. హాన్స్, రీగెల్, బాన్: ఈ మూడింటి మొదళ్లు కలిపితే హారిబో. 1921లో భార్య గెర్ట్రూడ్ మొదటి ఉద్యోగిగా చేరి, సరుకు సైకిల్ మీద చేరవేసేవారు. 1945లో రీగెల్ పోయారు. యుద్ధఖైదు నుంచి తిరిగొచ్చిన కొడుకుల్లో హాన్స్ అమ్మకాలు, పాల్ తయారీ, యంత్రాలు చూసుకున్నారు. కంపెనీ నిలబడింది ఈ పని పంపకం వల్లేనని నా నమ్మకం. 1960లో వచ్చిన గోల్డ్‌బేరెన్ పాత ఎలుగుకన్నా పొట్టి, బొద్దు.

చలువరాయి: ఇంట్లో కుదురుతుంది, ఓపిక ఉంటే. జిలటిన్ మొత్తం బరువులో 6–8 శాతం చాలు. బంక 40 శాతం దాకా పడుతుంది. రాత్రంతా నానబెట్టి, బెరడు తునకలు పోయేలా పల్చటి గుడ్డలో వడకట్టండి.

అచ్చులకు మొక్కజొన్న గంజిపిండి (కార్న్‌ఫ్లోర్) కావాలి. సన్నని వేడి మీద ఆరబెట్టి, జల్లించి, ట్రేలో 3 సెం.మీ. మందాన సమంగా పరిచి, ప్లాస్టర్ బొమ్మతో గుంటలు నొక్కాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు: పిండిలో తేమ మిగిలితే అది మిఠాయికి అట్టలా పట్టేస్తుంది. మరీ పొడిగా ఉంటే గుంట నిలవదు, కిలోకి 2–3 గ్రాముల నూనె కలపండి. జిలటిన్ మిఠాయి ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది, బంకది రోజుల తరబడి ఆరాలి. ఆరాక పిండి దులిపి, తేనెమైనం కొద్దిగా పట్టిస్తే ఒకదానికొకటి అంటుకోవు.

నిమ్మఉప్పు: జిలటిన్‌తో చేసేవాళ్లకు ఒక మాట. నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) ముందే వేయకండి. పులుపూ వేడీ కలిస్తే జిలటిన్ బలం చచ్చి, ఎలుగు చెవులు జారిపోతాయి. పాకం 115 డిగ్రీలకు వచ్చాక దించి, 80కి చల్లారనిచ్చి, రెండింతల నీళ్లలో నానిన జిలటిన్ కలపాలి. పులుపు, రంగు, వాసన పోసే ముందు.

శాకాహారులు గమనించాలి: జర్మనీ గోల్డ్‌బేరెన్‌లో పంది జిలటిన్ ఉంటుంది, టర్కీలో తయారయ్యేవాటిలో గొడ్డు జిలటిన్. కొనేముందు ప్యాకెట్ వెనక చదవండి.