అప్‌డేట్: డార్ట్‌మూర్‌లో కాంపస్ (దిక్సూచి) ఎర్ర ముల్లు దక్షిణం ఎందుకు చూపించిందో తేలింది

ఇంగ్లండ్‌లో డెవన్ ప్రాంతపు బీడుకొండల నేల డార్ట్‌మూర్‌లో, విస్ట్‌మన్స్ వుడ్ అనే అడవి నుంచి పొగమంచులో టూ బ్రిడ్జెస్ అనే ఊరికి తిరిగొస్తుంటే, ఉత్తరం చూపాల్సిన కాంపస్ ఎర్ర కొస సరిగ్గా తలకిందులుగా దక్షిణం చూపించింది, ఎందుకని ఇంతకుముందు అడిగాను కదా. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్. ఫోన్ కవర్‌లోని అయస్కాంతం అన్నవాళ్లదే నిజం. కాంపస్, ఫోన్ ఒకే జేబులో ఉండటంతో ముల్లు ధ్రువాలు తారుమారయ్యాయి. షాపులో ఇంకో కాంపస్ పక్కన, కాస్త ఎడంగా పెట్టి చూస్తే వెంటనే తెలిసిపోయింది.

అక్కడి గ్రానైట్ రాళ్లే ముల్లును లాగాయేమోనన్న అనుమానం వీగిపోయింది. రాయి వల్లయితే అక్కణ్ణుంచి కదిలాక సర్దుకోవాలి, ఇది ఇంట్లోనూ అంతే. మ్యాప్ ఉత్తరానికీ కాంపస్ ఉత్తరానికీ ఉండే తేడా కూడా కారణం కాదు. అక్కడ అది చాలా స్వల్పం, ఇదేమో 180 డిగ్రీలు!

బాగుచేసిన తీరు: మంచి కాంపస్ ఎర్ర కొసను లాగే అయస్కాంతపు కొస దక్షిణ ధ్రువం. దాన్ని చెడిన కాంపస్ గాజుమీద ముల్లు మధ్యలో ఆనించి, ఎర్ర కొస దాకా లాగి, పైకెత్తి మళ్లీ మధ్య నుంచే మొదలుపెట్టాలి. ముందుకీ వెనక్కీ రుద్దితే పని చెడుతుంది. ముల్లు ఇంకా మందంగా తిరిగితే నమ్మొద్దు, మార్చేయడమే.

బయల్దేరేముందు సూర్యుడితో సరిచూసుకోండి: వేసవి సమయంలో డార్ట్‌మూర్‌లో ఒంటిగంటంపావుకి సూర్యుడు దాదాపు దక్షిణాన ఉంటాడు. ఫోన్ బ్యాగులో, కాంపస్ జాకెట్ జేబులో.

పిక్సీలు (అక్కడి కథల్లోని చిట్టి మాయజీవులు) దారి తప్పించాయి, కోటు తిరగేసి తొడుక్కో అన్నవారికి: అది డెవన్‌వాళ్ల పాత చిట్కాయే, కానీ ముల్లు మీద పనిచేయదండీ.